చేతులు కడిగిన నీళ్లే చెట్లయ్యాయి!

వంద మొక్కలకు గల్ఫ్ నుంచి పైసలు పంపితే ఏడాది తిరిగేసరికి మిగిలినవి ఏడు. ఆ ఏడింటిలో రెండు మాకు పాఠం చెప్పాయి. అబుదాబిలోని ముసఫా క్యాంపు నుంచి జగిత్యాల జిల్లాలోని మా ఊరి ప్రాథమిక పాఠశాల దాకా సాగిన కథ ఇది.

2018 జూన్ నెల. అబుదాబిలో అప్పటికింకా శుక్రవారమే సెలవు. మా గదిలో ఎనిమిది మందిమి, అటూ ఇటూ గదుల్లో మా మండలం వాళ్లు మరో ముప్పై మంది. పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. ఊరి నుంచి ఫోన్ వచ్చింది. బడిలో హరితహారం మొక్కలు నాటుతున్నారు, గుంతలకు, ఎర్రమట్టికి, ముళ్లకంచెకు గల్ఫ్ అన్నలు ఏమన్నా సాయం చేస్తరా అని. కాదనేదేముంది? అందరం ఆ బడిలో అ ఆలు దిద్దినవాళ్లమే. మాలో పదకొండు మంది పిల్లలు అప్పుడు అక్కడే చదువుతున్నారు. మనిషికి 50 దిర్హాములు వేసుకున్నాం. 38 మందికి 1,900 దిర్హాములు. ఆనాటి రేటుకు మన పైసల్లో సుమారు 35 వేలు.

జూలైలో వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. పిల్లలు చేతుల్లో మొక్కలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ‘గల్ఫ్ మిత్రుల సహకారంతో’ అని పెద్ద అక్షరాలు, కింద మా పాస్‌పోర్టు ఫొటోలు. సంతోషపడ్డాం. ఆ ఫొటోలను ఎంతమందికి పంపామో లెక్క లేదు. మొక్కల పండుగకు ప్లాస్టిక్ ఫ్లెక్సీ ఏంటని మాలో ఒక్కరికీ తట్టలేదు మరి!

2019 మే నెలలో మాలో ముగ్గురం సెలవు మీద ఊరికి పోయాం. దిగిన మర్నాడే బడి చూడబోయాం. వేసవి సెలవులు కాబట్టి బడిలో ఎవరూ లేరు. గేటు అసలే లేదు కాబట్టి తాళం గొడవ లేదు. మాతోపాటే నాలుగు మేకలు కూడా లోపలికి వచ్చాయి.

సగం మొక్కలకు గుంత ఆనవాలు కూడా కనిపించలేదు. మిగతా చోట్ల ఎండు పుల్లలు. ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరలేదు, వంటగది ముందు నీడకు కట్టుకున్నారు. మా మొహాలు అందులో నవ్వుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెడితే బతికినవి ఏడు.

నోటమాట రాలేదు. మొక్కల సంగతి అలా ఉంచితే అంతకన్నా పెద్ద సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. మాలో ఒకరి బిడ్డ అప్పుడు నాలుగో తరగతి. ఫిబ్రవరి నుంచి మధ్యాహ్నం అన్నం తినగానే ఇంటికి వచ్చేసేదట, మళ్లీ బడికి పోయేది కాదట. బోరు ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. ఊళ్లోకి నల్లా వచ్చినా బడి ట్యాంకు దాకా పైపు రాలేదు అప్పటికి. నీళ్లు లేక ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేశారు. ‘‘దూప అయినా నీళ్లు తాగుతలేను డాడీ. తాగితే మళ్ల బయటికి పోవాలె గదా’’ అంది ఆ పిల్ల.

పర్యావరణం అన్నది మా లాంటి వాళ్లకు చాలా పెద్ద మాట. మీటింగుల్లో వినే మాట. దేశంలో ప్రతి బడిలో పర్యావరణం గురించి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మన పిల్లలకు పరిసరాల విజ్ఞానం అని పుస్తకం కూడా ఉంది. కానీ ఆ రోజు మాకు అర్థమైన పర్యావరణం ఒక తాళంకప్ప. ఎండిపోయిన మొక్కకూ, నీళ్లు తాగని పిల్లకూ కారణం ఒక్కటే.

ఏడింటిలో రెండు

మిగిలిన ఏడు మొక్కల్లో ఐదు ఏదో ప్రాణం పట్టుకుని ఉన్నాయి. రెండు మాత్రం, ఒక కానుగ, ఒక వేప, మా భుజం ఎత్తు పెరిగాయి. రెండూ పిల్లలు పళ్లేలు కడిగే గచ్చు పక్కనే ఉన్నాయి. మధ్యాహ్న భోజనం వండే అవ్వ ఇల్లు బడి వెనకే. ఆమెను అడిగాం, వీటికి నువ్వు నీళ్లు పోశావా అని.

‘‘నేనేడ వోసిన కొడుకా? బోరు ఆగినంక పంచాయతి ట్యాంకరోళ్లు డ్రమ్ములు నింపి పోతుండ్రి. పోరగాండ్లు పల్లాలు గడిగిన నీళ్లే గవ్వి తాగినయ్. తక్కిన నీళ్లన్నీ మోరిలకే వాయె’’ అంది.

మాకు నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. మేం చేసే పనేమిటి? ఒకరిది ప్లంబింగ్, ఒకరిది షట్టరింగ్, ఇద్దరం సివిల్‌లో డిప్లొమా చేసి సైటు సూపర్‌వైజర్లుగా ఉన్నాం. రోజూ డ్రాయింగుల్లో ఏ నీళ్లు ఎటు పోవాలో చూసేది మేమే. మా ఊరి బడికి వచ్చేసరికి మొక్కల లెక్క చూశాం గానీ నీళ్ల లెక్క చూడలేదు.

మనం ఉండే ఎడారి సంగతే చూడండి. అబుదాబి రోడ్ల పక్కన అంత పచ్చదనం ఎట్లా బతుకుతోంది? నాటిన ప్రతి చెట్టు మొదట్లో ఒక డ్రిప్ పైపు ఉంటుంది. అందులో వచ్చేది చాలాచోట్ల మన క్యాంపుల నుంచి, ఇళ్ల నుంచి పోయిన మురుగునీరే, శుద్ధి చేసి చెట్లకు వదులుతారు. ఇక్కడ ముందు పైపు వేస్తారు, తర్వాత చెట్టు నాటుతారు. మనం ముందు ఫొటో దిగాం.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 2017 వేసవి సెలవుల్లో మేం అబుదాబిలో ఒక స్కూలు మరమ్మతు పనికి వెళ్లాం. అక్కడ ఒక గోడ మీద పిల్లల రాతతో చార్టు ఉంది. వారం వారం నీళ్ల మీటరు రీడింగు, కరెంటు మీటరు రీడింగు, చెత్త ఎన్ని కిలోలు అని. ఏసీ నుంచి కారే నీటి పైపు కింద బకెట్లు పెట్టి ఉన్నాయి. పిల్లలు ఆ నీళ్లు కొలిచి మొక్కలకు పోస్తారని వాచ్‌మన్ చెప్పాడు. అబుదాబి పర్యావరణ సంస్థ 2009లో బడుల కోసం ఇట్లాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశంలోనూ ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ పిల్లల చేత బడి ఆడిట్ చేయిస్తోంది. గాలి, కరెంటు, తిండి, స్థలం, నీళ్లు, చెత్త... ఆరింటినీ పిల్లలే కొలుస్తారు. ఉపన్యాసం కాదు, టేపు పట్టుకుని కొలవడం. ఈ పద్ధతి మాకు నచ్చింది. ఎందుకంటే మా పనీ అదే.

లెక్క వేశాం

జూన్‌లో బడి తెరిచాక హెడ్‌మాస్టర్ సారును కలిశాం. మొదట ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు, మొక్కల డబ్బు లెక్క అడుగుతామేమోనని. ‘‘సార్, మేం అందుకు రాలేదు. మీ నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఒక్క పూట మాకు ఇవ్వండి’’ అన్నాం.

ఆ పూట బాగా గడిచింది. ఒక లీటరు సీసా, ఒక బకెట్ ఇచ్చి అన్నానికి ముందు చేతులు, తర్వాత పళ్లెం కడగడానికి ఎన్ని నీళ్లు అవుతాయో కొలవమన్నాం. పిల్లకు సగటున 3 లీటర్లు తేలింది. బడిలో 62 మంది. రోజుకు 186 లీటర్లు. ఏడాదికి 200 రోజులే వేసుకున్నా 37,200 లీటర్లు మోరీ పాలు.

తర్వాత కప్పు. రెండు గదులు, వరండా కలిపి 60 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. అంటే 134 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే ఏ ఇంటికైనా ఏ బడికైనా వేసుకోవచ్చు. మన దిక్కు ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుని, ఆవిరైంది, చిందింది పోగా 80 శాతం పట్టుకుంటే 96 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 19! ఐదో తరగతి పిల్లాడు ఒకడు బోర్డు మీద ఈ గుణకారం చేసి వెనక్కి తిరిగి, ‘‘మరి ట్యాంకరు ఎందుకు దెచ్చుకుంటున్నం సార్?’’ అన్నాడు. సారు మా వైపు చూశారు, మేం కప్పు వైపు చూశాం.

ఇక మొక్కలకు ఎంత కావాలి? ఎండాకాలంలో లేత మొక్కకు వారానికి రెండుసార్లు, సారికి పది లీటర్లు వేసుకున్నాం. వంద మొక్కలకు వారానికి 2,000 లీటర్లు. పళ్లేల నీళ్లు వారానికి 1,116 లీటర్లే. అంటే వంద మొక్కలు ఎప్పటికీ బతకవు, ఆ లెక్కలోనే చావు ఉంది. 24 మొక్కలకైతే 480 లీటర్లు. అందుకే ఈసారి 24 చాలనుకున్నాం. క్యాంపులో ఈ మాట చెబితే కొందరికి నచ్చలేదు. వంద నుంచి ఇరవై నాలుగుకు పడిపోతే ఊళ్లో పరువేముంటుంది అన్నారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చినప్పుడు నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని అందులో రాశారు. వందలో ఏడు బతికిన పరువు ఎంతో మేమే చూశాం కదా!

దమాస్ వద్దు, జమ్మి ముద్దు

ఏ మొక్కలు నాటాలన్న దగ్గర పెద్ద చర్చ అయింది. నర్సరీలో తొందరగా పచ్చగా ఎదిగేది కోనోకార్పస్ అని ఇస్తున్నారు. పేరు కొత్తగా ఉన్నా ఫొటో చూడగానే అందరం గుర్తుపట్టాం. ఇక్కడ మనం దమాస్ అనే చెట్టే! విల్లాల చుట్టూ గోడలా పెంచేది. ఆ చెట్టు వేళ్లు డ్రైనేజీ పైపుల కీళ్లలో దూరి జడలా అల్లుకుంటే, మ్యాన్‌హోల్ విప్పి కోసి తీసింది మేమే. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి వేళ్లు పంపే చెట్టును మరుగుదొడ్డి పక్కన, బోరు పక్కన పెడతామా? దాని పుప్పొడితో దగ్గు, ఉబ్బసం వస్తాయని కూడా అంటున్నారు. ఆ సంగతి డాక్టర్లు చెప్పాలి. వేళ్ల సంగతి మాత్రం మేం చెప్పగలం. తర్వాత గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ చెట్టును నాటొద్దని నిషేధం పెట్టింది.

గల్ఫ్ నుంచి ఒక చెట్టు తీసుకోవాలంటే అది గాఫ్. ఎడారిలో పైపు లేకుండా తనంత తాను బతికే చెట్టు. ఎమిరేట్స్ జాతీయ వృక్షం. 2019లో ఇక్కడ సహన సంవత్సరం జరిపినప్పుడు దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. సైట్ల మీద మనం రోజూ చూసే ఈ గాఫ్ ఏమిటో తెలుసా? మన జమ్మి! దసరాకు బంగారం పంచుకునే జమ్మి చెట్టూ, ఇక్కడి గాఫ్ చెట్టూ ఒకటే జాతి. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. ఈ సంగతి తెలిసిన రోజు మా గదిలో రాత్రి పన్నెండు దాకా ఇదే ముచ్చట.

చివరికి జమ్మి రెండు, వేప, కానుగ, నేరేడు, ఉసిరి, వంటగది పక్కన మునగ, కరివేపాకు, బొప్పాయి పెట్టించాం. గోడ కూలిన దిక్కు గోరింట కంచె. గోరింట పెడితే ఆడపిల్లలే కాపలా ఉంటారని అవ్వ చెప్పింది. అది నిజమే అయింది.

మా తప్పులు కూడా చెప్పాలి

ఇదంతా చదివి మేమేదో ఇంజనీర్లలా ఒక్క దెబ్బకు చేసేశామనుకోవద్దు. మా సెలవు 45 రోజులు. ఇంకుడు గుంత తవ్వించాం, ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. తవ్వాక గానీ చూసుకోలేదు, మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకుకు అది ఇరవై అడుగులే ఉంది. కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి. లేకపోతే మురుగు, వాననీరు భూమిలో కలిసి అదే బోరులోకి వస్తుంది. రోజూ సైటులో ఇతరుల తప్పులు పట్టేవాళ్లం, మన బడిలో డ్రాయింగు లేకుండా గడ్డపార పట్టుకున్నాం. దాన్ని పూడ్చి బోరు దిక్కు మళ్లీ తవ్వించాం. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎంఎం కంకర, 20 ఎంఎం కంకర, అన్నింటి మీద దొడ్డు ఇసుక. కప్పు మీది నీళ్లకు నాలుగు అంగుళాల పీవీసీ పైపు. మొదటి వానకు కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట అన్నీ వస్తాయి. ఆ నీళ్లు బయటికి పోవడానికి టీ పెట్టి మూత వేశాం. మొదటి రెండు వానలు మూత తీసి వదిలేయాలి, ఆ తర్వాత మూత బిగించాలి. ఆ మూత బాధ్యత ఐదో తరగతి లీడరుది.

పళ్లేల నీళ్ల దగ్గర ఇంకో తప్పు. గచ్చు నుంచి నేరుగా మొక్కల కాలువలోకి పైపు ఇచ్చాం. నెల తిరగకముందే మేం అబుదాబిలో ఉండగా ఫోన్. మెతుకులు అడ్డంపడి పైపు జామ్ అయింది, నీళ్లు నిలిచి కంపు, దోమలు. డెంగీ వస్తే ఎవరిది బాధ్యత అని తల్లులు సారు మీద పడ్డారు. వాళ్ల మాట నిజం. ప్లంబింగ్ తమ్ముడు వీడియో కాల్‌లో ఊరి మేస్త్రీకి చెప్పి గచ్చు దగ్గర జాలీ పెట్టించాడు, దాని తర్వాత కంకర, ఇసుక నింపిన చిన్న గుంత, దాని గట్టున మెట్టతామర, చేమ, అరటి. నీళ్లు ఎక్కడా పైకి కనబడకుండా లోపలే పారాలి. సబ్బు పొడి తగ్గించి అవ్వ బూడిదకు మళ్లింది. మిగిలిన అన్నం ఇప్పుడు జాలీ దాకా రాదు. గచ్చు పక్కన కుడితి తొట్టి పెట్టారు, పళ్లెం ముందు దాంట్లో దులపాలి. సాయంత్రం అవ్వ బర్రె దగ్గరికి పోతుంది.

ఆ తొట్టి వల్ల అనుకోని లాభం ఒకటి జరిగింది. పిల్లలు దాన్ని తూకం వేయడం మొదలుపెట్టారు. అన్నం ముద్దయిన రోజు తొట్టి బరువు. మునగాకు పప్పు రోజు తొట్టి తేలిక. ఎవరూ ఎవరినీ కోప్పడలేదు, బోర్డు మీద అంకె రాశారు అంతే. అవ్వకు ఆ అంకె చదవడం రాదు గానీ, పెరిగిందా తగ్గిందా అని రోజూ అడుగుతుంది.

చాక్లెట్ల సంగతి దాచితే బాగుండదు. సెలవు మీద పోయినప్పుడు బడి పిల్లలకు చాక్లెట్లు పంచడం మనందరికీ ఉన్న అలవాటే. 2022 జనవరి సెలవులో మాలో ఒకరు పెద్ద సంచి పట్టుకుపోయి పిడికిళ్లతో పంచాడు. మర్నాడు ఇద్దరు పిల్లలు ఆయన ఇంటికి వచ్చి ఒక కవరు చేతిలో పెట్టారు. నిండా చాక్లెట్ కాగితాలు. ‘‘కాకా, ఇవి నీయే. లెక్కవెట్టినం’’ అన్నారు. ఎన్నో కూడా చెప్పారు. అదే ఏడాది జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు. చాక్లెట్ కాగితం ఆ జాబితాలో లేదు. మా ఊరి బడి జాబితాలో మాత్రం ఉంది. ఇప్పుడు ఇక్కడి నుంచి ఖర్జూరాలు తీసుకుపోతున్నాం. గింజలు పారేయరు, అక్కడే పాతిపెట్టి మొలిచాయా అని చూస్తున్నారు.

పిల్లలే రాకపోతే?

మేం వేసిన లెక్కలో ఒక కన్నం ఉందని 2020 మార్చిలో తెలిసింది. కరోనాకు బడులు మూసేశారు. పిల్లలు లేరు, పళ్లేలు లేవు, చేతులు కడిగిన నీళ్లు లేవు. చెట్లకేమో మొదటి ఎండాకాలం. ఇక్కడ మా పరిస్థితి చెప్పక్కర్లేదు, ఆ రోజులు మీరందరూ చూసినవే. జీతాలు ఆగాయి, గది దాటి బయటికి పోలేదు. మొక్కల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ మే నెలలో వందేభారత్ విమానాలు మొదలయ్యాక మాలో ఇద్దరు పని పోయి ఇంటిదారి పట్టారు. హైదరాబాద్‌లో క్వారంటైన్ అయ్యాక ఊరికి వస్తే, ఒక్కటే గది ఉన్న ఇళ్లు వాళ్లవి, ఇంట్లో ముసలివాళ్లు. ఊరివాళ్లు భయపడ్డారు. పంచాయతీ వాళ్లు బడిలోనే ఉండమన్నారు. చిన్నప్పుడు కూచున్న గదిలోనే ఇద్దరూ చెరో మూల పడుకున్నారు. ఊరికి వచ్చి కూడా ఊళ్లోకి పోలేక, ఇంటి నుంచి అన్నం గిన్నె గోడ మీద పెట్టిపోతే తిని, ఆ రోజులు ఎట్లా గడవాలి? పొద్దున, సాయంత్రం బకెట్లతో మొక్కలకు నీళ్లు పోశారు. బోరు ఆ ఏడు ఆగలేదు. వాళ్లు ఇంటికి పోయాక కూడా ఆ పని విడిచిపెట్టలేదు. 2021 సెప్టెంబర్‌లో బడి మళ్లీ తెరిచేనాటికి 24లో 22 బతికే ఉన్నాయి. అందులో ఒక తమ్ముడు మళ్లీ గల్ఫ్ రాలేదు. ఊళ్లోనే ప్లంబింగ్ పని చేసుకుంటున్నాడు. బడి పైపులు ఇప్పుడు ఆయనవే.

అందుకే మీ ఊరి బడికి మొక్కల కోసం డబ్బు పంపే ముందు ఒక్కటే అడగండి. ఎండాకాలం సెలవుల ఏడు వారాలు నీళ్లు ఎవరు పోస్తారు? దానికి ఒక మనిషి, ఒక ఇల్లు జవాబు లేకపోతే ఆ ఏడాది పంపకండి. మా దగ్గర ఆ ఏడు వారాలకు ఏడు ఇళ్ల జాబితా ఉంది. 480 లీటర్ల చొప్పున 3,360 లీటర్లు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినప్పటి నుంచి ఆ జాబితా రాసేది అమ్మలే. అందులో మా ఇంటివాళ్లు ఇద్దరున్నారు. అప్పటి నుంచి లెక్కలు మాకు వారానికోసారి వస్తున్నాయి, గట్టిగానే వస్తున్నాయి.

డబ్బు సంగతి కూడా చెబుతాం. 2019లో గుంత, పైపులు, జాలీ, మేస్త్రీ కూలీ అంతా కలిపి 28 వేలైంది. వంద మొక్కల ఫొటో కన్నా తక్కువే. డబ్బు బ్యాంకు ద్వారా బడి కమిటీ ఖాతాకే పంపండి, బిల్లు ఫొటో అడగండి. అడిగితే సార్లు ఏమనుకుంటారోనని మేం మొదటిసారి అడగలేదు. అడిగితేనే వాళ్లకూ ఊళ్లో మాట పడదు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇక్కడ కప్పులన్నీ తెల్లగా ఎందుకుంటాయో మనకు తెలుసు. ఆ ఎండాకాలం బడి కప్పుకు రెండు చేతుల సున్నం వేయించాం. ఫ్యాన్ గాలి ఇంతకుముందులా వేడిగా కొట్టడం లేదని సారు చెప్పారు. వాన మొదలయ్యే ముందు ఆ కప్పు కడిగి, మూత తీసి ఉంచాలి, సున్నం నీళ్లు గుంతలోకి పోకూడదు.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది కదా. ఆ రెండున్నర గంటలు నీడ విలువ ఎంతో మనకు వేరే చెప్పాలా? మొన్న మార్చిలో ఒంటిపూట బడి రోజు సారు వీడియో కాల్ చేశారు. పళ్లేల గచ్చు దగ్గరి ఆ పాత కానుగ, వేప కింద మూడో తరగతి వాళ్లు కూచుని ఎక్కాలు చెబుతున్నారు. మరుగుదొడ్డి తలుపు తెరిచి ఉంది. అప్పటి నాలుగో తరగతి పిల్ల ఇప్పుడు జగిత్యాలలో కాలేజీలో ఉంది.

24లో ఇప్పుడు 21 ఉన్నాయి. ఒక నేరేడు గాలివానకు పోయింది, మిగిలిన రెండూ మేకల పాలయ్యాయి. గేటు వేయిద్దామని 2019 నుంచి అనుకుంటున్నాం. గేటు మీద దాతల పేర్లు రాయాలా వద్దా అన్న దగ్గర ముసఫాలో రెండు పార్టీలయ్యాం. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. అందాకా గోరింట కంచెకు అడ్డంగా ఒక పాత మంచం పెట్టారట.